కొత్త కారు మీద ముందు నీళ్ళు పోయించండి

పోయిన నెల మా తమ్ముడు కొత్త కారు బుక్ చేశాడు. వాడుండేది కావలిలో. షోరూం ఒంగోలులో. బుక్ చేసిన దగ్గర్నుంచి రోజూ రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేసి ఆ కారు గురించే మాట్లాడేవాడు. ఏ రంగు బాగుంటుంది, సన్‌రూఫ్ ఉన్న మోడల్‌కి ఇంకొంచెం డబ్బు పెట్టొచ్చా, సీటు కవర్లు షోరూంలోనే వేయించుకోవాలా బయట వేయించుకోవాలా, అన్నీ అడిగాడు. నేను మాత్రం వాణ్ణి ఒక్కటే అడిగాను. "డెలివరీకి ముందు నీళ్ళ టెస్టు చెయ్యమని చెప్పావా?"

వాడు నవ్వాడు. "ఏందక్కా నువ్వు! కొత్త కారు కూడా కారతాదా ఎక్కడన్నా? ఊరికే టెన్షన్ పడతుండావు."

ఊరికే కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొత్త కారు కొనేవాళ్ళు నీళ్ళ లీకేజీ గురించి భయపడాలనే నేనంటాను. రిజిస్ట్రేషన్ కాకముందే కారు మీద నీళ్ళు పోయించి, లోపల చెయ్యి పెట్టి చూసుకుని, పొడిగా ఉంటేనే సంతకం పెట్టాలి. షోరూం వాళ్ళు విసుక్కున్నా, ఇంట్లో వాళ్ళు ముహూర్తం దాటిపోతుందని తొందరపెట్టినా ఆ ఒక్క విషయంలో తగ్గకూడదు. ఎందుకంటున్నానో చెప్పాలంటే మా కారు సంగతి చెప్పాలి.

మేము నెల్లూరు వేదాయపాళెంలో ఉంటాం. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. 2023 దసరాకి కారు కొన్నాం. మా ఇద్దరి జీతాల్లోంచి ఆరేళ్ళు దాచిన డబ్బు, పైన బ్యాంకు లోను. షోరూంలో కారు మీద ఎర్ర గుడ్డ కప్పి ఉంచారు. గుడ్డ తీశారు, దండ వేశారు, ఫోటోలు తీశారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. అక్కడి నుంచి దర్గామిట్ట రాజరాజేశ్వరి అమ్మవారి గుడికి వెళ్ళి పూజ చేయించుకుని ఇంటికొచ్చాం. కాయితాలు చూశాను, రంగు మీద గీతలున్నాయేమో చూశాను, ఏసీ వేసి చూశాను. మ్యాటు ఎత్తి చూడలేదు. ఎత్తాలన్న ఆలోచనే రాలేదు.

డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేదాకా మనకు ఇక్కడ ఎడతెరిపి లేని వాన. గాలికి అది నిలువుగా కూడా పడలేదు, గోడలకు అడ్డంగా కొట్టింది. మాకు పార్కింగ్ షెడ్డు లేదు, కారు వీధిలో గోడ పక్కనే ఉంది. మూడు రోజులూ దాన్ని కదపలేదు. వాన తెరిపిచ్చాక తలుపు తీస్తే తడిసిన గోనెసంచి వాసన గుప్పుమంది. పైన మ్యాట్లు పొడిగానే ఉన్నాయి. ఎడమవైపు ముందు సీటు దగ్గర మ్యాటు తీసి, కింద కార్పెట్ మీద అరచేత్తో నొక్కాను. వేళ్ళ మధ్యలోంచి నీళ్ళు ఊరాయి.

ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. లోను మొదటి కిస్తీ కట్టి నెల కాలేదు.

సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే అడ్వైజర్ వచ్చి చూసి, "ఏసీ నీళ్ళు మేడమ్, కామనే" అన్నాడు. ఏసీ గొట్టం శుభ్రం చేసి పంపించాడు. మూడు రోజులుగా ఏసీ వెయ్యలేదు, అసలు బండే తియ్యలేదు, ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి అని అడిగితే జవాబు లేదు. వారానికి మళ్ళీ జల్లు పడింది, మళ్ళీ తడి. రెండోసారి వెళ్తే తలుపు సరిగ్గా వేసి ఉండరన్నారు. మూడోసారి కారు వాళ్ళ దగ్గరే ఒక రోజు ఉంచుకున్నారు. సాయంత్రం జాబ్ కార్డు, అంటే సర్వీసు వివరాలు రాసే కాయితం మీద "సమస్య కనబడలేదు" అని రాసి ఇచ్చారు. ఎట్లా చూశారని అడిగితే వాషింగ్ గన్‌తో చుట్టూ రెండు నిమిషాలు కొట్టామన్నారు.

ఇక్కడ ఒక ఫిజిక్స్ టీచరుగా ఒక మాట చెప్పాలి. నీళ్ళు కారిన చోటే చిల్లు ఉండదు. తలతన్యత వల్ల నీటి చుక్క రేకు అడుగు భాగాన్ని అంటిపెట్టుకుని జారుతుంది. వైరు దొరికితే వైరు వెంట పోతుంది. సన్నని సందు దొరికితే కేశనాళికీయత వల్ల పైకి కూడా పాకుతుంది. ఎక్కడో అద్దం మూల దగ్గర లోపలికి వచ్చిన చుక్క సీటు కింద తేలుతుంది. అందుకే లీకేజీ వెతకడానికి గన్ను కంటే ఓపిక అవసరం. రెండు నిమిషాల నీళ్ళు రెండు రోజుల ముసురుకు సాటి రావు.

ఆ ఓపిక ఉన్న మనిషి నాకు ఆటోనగర్‌లో దొరికాడు. టింకరింగ్ పని చేసే పెద్దాయన. చిన్న షెడ్డు, ఇద్దరు కుర్రాళ్ళు. చెప్పిందంతా విని, మ్యాట్లు తీయించి, కార్పెట్ అంచు ఎత్తి, కింద పాత న్యూస్‌పేపర్లు పరిచాడు. నన్ను సెల్‌ఫోన్ లైటుతో లోపల కూర్చోమన్నాడు. "పేపరు మీద చుక్క పడిన క్షణం చెప్పు మా" అన్నాడు. ఆయన గన్ను వాడలేదు. తోటకు నీళ్ళు పెట్టే పైపు తీసుకుని, ధార వేగం లేకుండా, మొదట కింద తలుపు అంచు దగ్గర పెట్టాడు. పది నిమిషాలు. ఏమీ లేదు. కొంచెం పైకి, అద్దం బీడింగ్ దగ్గర. ఏమీ లేదు. కింది నుంచి పైకి ఎందుకు అని అడిగితే, "పైనుంచి మొదలు పెడితే నీళ్ళు అన్ని చోట్లా పారతాయి, ఏది కారిందో ఎవరికి తెలస్తాది?" అన్నాడు. నా చదువంతా ఆ వాక్యంలో ఉన్నట్టనిపించింది. చివరికి వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ జల్లెడ దగ్గరికి వచ్చాడు. పన్నెండు నిమిషాలకు పేపరు మీద చుక్క పడింది. తర్వాత ఇంకోటి. తర్వాత వరసగా.

జల్లెడ కింద తొట్టి లాంటి భాగం ఉంటుంది. అద్దం మీద పడిన వాననీళ్ళు అందులోకి దిగి పక్కల నుంచి బయటికి పోతాయి. ఆ తొట్టికి దిగువగా ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య రేకు గోడ. ఆ గోడలోంచి వైర్లు రావడానికి చిల్లులుంటాయి, చిల్లులకు రబ్బరు బిరడాలుంటాయి. మా కారులో ఒక బిరడాను బ్లేడుతో కోసి, అందులోంచి రెండు వైర్లు దూర్చి, కోసిన చోటు అట్లాగే వదిలేశారు. ఆ వైర్లు షోరూంలో అదనంగా పెట్టించుకున్న ఫాగ్ లైట్లవి. అంటే కారు కంపెనీలోంచి బాగానే వచ్చింది. మాకు అప్పగించే ముందు రోజు, మేము డబ్బు కట్టి పెట్టించుకున్న లైట్ల కోసం చిల్లు పెట్టారు.

బిరడా మార్చి, చుట్టూ సీలెంట్ వెయ్యడానికి పెద్దాయన తీసుకున్నది చాలా తక్కువ. అసలు నష్టం వేరే. సీట్లు విప్పి కార్పెట్ బయటికి తీస్తే కింద రెండు వేళ్ళ మందం స్పాంజి. అది నీళ్ళు తాగి దిండులా బరువెక్కి ఉంది. నాలుగు రోజులు ఎండలో పెడితే గానీ ఆరలేదు. అక్కడే ఒక వైరింగ్ కనెక్టర్ పిన్నులకు పచ్చగా చిలుం పట్టి ఉంది. రెండు నెలల కారుకు చిలుం.

ఫోటోలు తీసుకుని షోరూంకి వెళ్ళాను. కనెక్టర్ ఉచితంగా మార్చారు. తప్పు మాదే అని రాసివ్వమంటే మాత్రం రాసివ్వలేదు.

మ్యాటు కింద తడి చిన్న విషయం అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆరిపోతుందిలే అంటారు. ఆరదు. పైన గుడ్డ ఆరుతుంది, కింద స్పాంజి ఆరదు. ఇప్పటి కార్లలో నేల మీద, సీట్ల కింద వైర్లే వైర్లు. ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు చూడండి, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగులకు, బెల్టులకు సంబంధించినవి. అక్కడ చిలుం పడితే డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. ఆ లైటు వెలిగిందంటే ప్రమాదం జరిగినప్పుడు బ్యాగు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. నా దృష్టిలో ఇది వాసన సమస్య కాదు, ప్రాణాల సమస్య. పైగా నీళ్ళు వచ్చిన వెంటనే ఏ లోపమూ బయటపడదు. ఆర్నెల్ల తర్వాత పవర్ విండో ఆగిపోతుంది, సంవత్సరానికి లాక్ పని చెయ్యదు. అప్పటికి దానికీ వానకీ సంబంధం ఉందని నిరూపించడం మన వల్ల కాదు.

మన జిల్లాల వాళ్ళకు ఇది ఇంకా ఎందుకు ముఖ్యమంటే, మన వాన వేరు. రాష్ట్రంలో చాలా చోట్ల జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. మనకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది. నెల్లూరులో ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరులోనే పడుతుంది. అల్పపీడనం, వాయుగుండం, తుఫాను, ఒకదాని వెనక ఒకటి. హైదరాబాదులో సాయంత్రం గంటసేపు కుండపోత పోసి ఆగిపోతే కారు గాడుల్లోని నీళ్ళు దిగిపోవడానికి టైముంటుంది. ఇక్కడ రెండు రోజుల ముసురులో ఆ టైము దొరకదు. సముద్రం మీది నుంచి వచ్చే గాలి నీళ్ళను రబ్బరు సందుల్లోకి తోస్తుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పటి వానలు మనం మర్చిపోలేదు. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి కింద నీళ్ళు నిలవడం మనకు ఏటా మామూలే.

మనం కార్లు ఎప్పుడు కొంటాం? దసరాకి, దీపావళికి. అంటే సరిగ్గా ఆ వానల ముందు, లేదా ఆ వానల మధ్యలో. పండగ గిరాకీ కోసం ముందే తెప్పించిన బండ్లు ఊరి బయట యార్డుల్లో ఎండలో నిలబడతాయి, తర్వాత వానలో నిలబడతాయి. పండగ రోజుల్లో ఒక్కో షోరూం నుంచి వరసగా డెలివరీలు. ఫాగ్ లైట్లు, కెమెరా, స్పీకర్లు, అడుగున తుప్పు పట్టకుండా కొట్టే కోటింగ్, అన్నీ ఒక్క సాయంత్రంలో అయిపోవాలి. బ్లేడుతో కోసిన బిరడాకి సీలెంట్ వేసే తీరిక ఆ కుర్రాడికి ఎక్కడిది? ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడికి ఆ రోజు ఎన్ని బండ్లు అప్పగించారో నాకు తెలియదు. పని తనిఖీ చెయ్యాల్సిన వాళ్ళు చెయ్యలేదు, అదీ నా ఫిర్యాదు.

కంపెనీలో ప్రతి కారునూ షవర్ కింద నడిపి టెస్టు చేస్తారు కదా అని అడుగుతారు. నిజమే, తయారీ లైను చివర నీళ్ళ పరీక్ష ఉంటుంది. కానీ అది కంపెనీ గేటు దాటకముందు సంగతి. ఆ తర్వాత కారు ట్రైలర్ ఎక్కుతుంది, దిగుతుంది, యార్డులో ఉంటుంది. దారిలో అద్దం పగిలితే కొత్త అద్దం అతికిస్తారు, ఆ జిగురు సరిగ్గా పట్టిందో లేదో షవర్ కింద ఎవరు చూశారు? తలుపులో స్పీకరు మార్చేవాడు లోపలి ప్లాస్టిక్ షీటు చింపితే ఎవరు చూశారు? చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కిటికీ అద్దం పక్క నుంచి వాననీళ్ళు తలుపు డొల్లలోకి దిగడం మామూలే. అడుగున ఉండే చిన్న చిల్లుల్లోంచి అవి బయటికి పోవాలి. లోపలికి రాకుండా ఆపేది ఆ పల్చటి షీటే. స్పీకరు కోసం దాన్ని చింపి, అడుగు చిల్లులను కోటింగ్‌తో పూడ్చేస్తే తలుపే తొట్టి అయిపోతుంది. ఏ కంపెనీ టెస్టూ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అప్పటికి ఆ తప్పు జరగనే లేదు.

సన్‌రూఫ్ సంగతి మా తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. దాని చుట్టూ ఉన్న రబ్బరే నీళ్ళను పూర్తిగా ఆపుతుందని వాడి నమ్మకం. అట్లా ఉండదు. కొంత నీరు రబ్బరు దాటి లోపలి గాడిలోకి దిగుతుంది. గాడి మూలల్లో సాధారణంగా నాలుగు సన్నని గొట్టాలుంటాయి. అవి కారు స్తంభాల లోపలి నుంచి కిందికి దిగి నీళ్ళను బయటికి వదులుతాయి. గొట్టం మూతిలో దుమ్మో, వేపాకు ముక్కో ఇరుక్కుంటే, లేదా గొట్టం తన చోటు నుంచి ఊడి ఉంటే, నీళ్ళు నేరుగా పైకప్పు గుడ్డలోకి వస్తాయి. వేపచెట్టు కిందో కానుగచెట్టు కిందో బండి పెట్టుకునే ఊళ్ళు మనవి. అద్దం కింద జల్లెడలో ఆకులు పేరుకున్నా అదే గతి, తొట్టి నిండి గాలి లోపలికి తీసుకునే దారి గుండా క్యాబిన్‌లోకి దిగుతుంది. అందుకని సన్‌రూఫ్ వద్దనను. దానికి నెలనెలా చెయ్యాల్సిన పని ఉందని తెలిసి తీసుకోమంటాను.

ఏసీ నీళ్ళను, వాననీళ్ళను వేరు చేసి చూడటం నేర్చుకోవాలి. లేకపోతే మాకు చెప్పినట్టు మీకూ "కామనే" అని చెప్పి పంపిస్తారు. మన గాలిలో తేమ ఎక్కువ. ఏసీ వేసుకుని గంటసేపు తిరిగితే కారు కింద నీళ్ళు కారి చిన్న మడుగవుతుంది, అది మంచి లక్షణం. మడుగు కట్టకుండా ఎడమవైపు కార్పెట్ తడిస్తే గొట్టం మూసుకున్నట్టు. ఎండాకాలంలో కూడా తడిస్తే ఏసీ అని అనుమానించాలి. ఏసీ వెయ్యకుండా వానకే తడిస్తే అది ఏసీ కాదు, ఎవరు చెప్పినా ఒప్పుకోకూడదు. తడి జిగటగా, రంగుతో, తియ్యటి వాసనతో ఉంటే అది ఇంజను చల్లబరిచే కూలెంట్, అప్పుడు బండి నడపకుండా సర్వీసుకు పంపాలి. హెడ్‌లైటు అద్దం లోపల పొద్దున్నే సన్నగా మంచు పట్టి, లైటు వేశాక పోతే కంగారు పడక్కర్లేదు. లోపల చుక్కలు జారుతుంటే, అడుగున నీళ్ళు నిలిస్తే మాత్రం మార్చమని అడగండి.

వారంటీ ఉంది కదా అనేవాళ్ళకు నా అనుభవమే జవాబు. వారంటీ పని మొదలవ్వాలంటే ముందు లోపం ఉందని వాళ్ళు ఒప్పుకోవాలి. నీళ్ళ లీకేజీ మనం తీసుకెళ్ళిన రోజు కనబడదు, ఆ రోజు ఎండ కాస్తుంటుంది. ఒకవేళ ఒప్పుకున్నా డాష్‌బోర్డు, సీట్లు విప్పి మళ్ళీ బిగిస్తారు. విప్పి బిగించిన కారు మళ్ళీ కొత్త కారు కాదు, గతుకు వచ్చినప్పుడల్లా ఎక్కడో ఒక చోట గడగడలాడుతుంది. ఇన్సూరెన్స్ కూడా పనికి రాదు. వరదలో మునిగితే మామూలు సమగ్ర పాలసీ కింద క్లెయిమ్ ఉంటుంది గానీ తయారీ లోపానికి, బిగింపు లోపానికి ఉండదు.

చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. 50 లక్షల లోపు ధర చెల్లించిన వస్తువు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చెయ్యొచ్చు, అదీ మనం ఉండే జిల్లాలోనే. కారు ఎక్కడో కొన్నామని అక్కడికి తిరగక్కర్లేదు. 5 లక్షల నుంచి 10 లక్షల లోపు వస్తువుకు ఫీజు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల లోపు అయితే 400. గడువు రెండేళ్ళు. అవసరమైతే వస్తువును ల్యాబుకు పంపి పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కు ఉంది. ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్యొచ్చు. ఇవన్నీ తెలిసీ నేను వెళ్ళలేదు. మా నాన్నకు అప్పుడు ఆపరేషన్, రోజూ ఆస్పత్రికి తిరుగుతున్నాం. గడువు అయిపోయింది. ఆ జాబ్ కార్డు ఇప్పటికీ ఫైల్లో ఉంది, చూసినప్పుడల్లా వెళ్ళి ఉండాల్సిందని బాధపడతాను.

అమెరికాలో 1982లోనే కనెక్టికట్ రాష్ట్రం లెమన్ చట్టం తెచ్చింది. కొత్త కారులో లోపం ఎన్నిసార్లు బాగుచేసినా పోకపోతే కంపెనీ కారు మార్చాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. తర్వాత మిగతా రాష్ట్రాలూ తెచ్చాయి. మనకు కార్ల కోసం అట్లాంటి ప్రత్యేక చట్టం లేదు. ప్రతి కేసూ మనమే నిరూపించుకుంటూ పోవాలి. అందుకే రిజిస్ట్రేషన్‌కు ముందున్న ఆ ఒక్క రోజు చాలా విలువైనది. అప్పటిదాకా అది వాళ్ళ కారు, వాళ్ళకు అమ్ముడవ్వాలి. నంబరు పడ్డాక అది మన కారు, మనం అమ్మితే సెకండ్ హ్యాండే.

మా అమ్మ కావలిలో బిందె కొన్నా, కుండ కొన్నా పరీక్షించకుండా తెచ్చేది కాదు. కుండను వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. బిందెలో నీళ్ళు పోయించి, అడుగు ఎత్తి పట్టుకుని చూసేది. అమ్మేవాళ్ళు ఎవరూ తప్పు పట్టలేదు. వాళ్ళే నీళ్ళు తెచ్చి పోసేవాళ్ళు. కారు దగ్గరికి వచ్చేసరికి మనకు ఈ మొహమాటం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాదు. ఏసీ హాలు, టై కట్టుకున్న కుర్రాళ్ళు, కేకు, ఫోటోలు చూసి అడగలేకపోతున్నామేమో.

ఇదంతా రెండు గంటలు ఫోన్లో చెబితే మా తమ్ముడు చివరికి, "సరేలే అక్కా, నువ్వే రా" అన్నాడు. డెలివరీ గురువారం. నేను బుధవారం సెలవు పెట్టి కావలి వెళ్ళాను. వాణ్ణి, నాన్నను తీసుకుని ఒంగోలు వెళ్ళాం. ముందు ఫారం 21లో, అంటే డీలరు ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్‌లో తయారీ నెల, సంవత్సరం చూశాను. కారు తయారై నాలుగు నెలలు. అన్నాళ్ళూ యార్డులో ఉన్నట్టే అనుకున్నాను. సీటు బెల్టులు చివరిదాకా లాగి మట్టి చారలున్నాయేమో చూశాను. సీటు కింద బోల్టులకు తుప్పుందేమో చూశాను. ఇవి సెకండ్ హ్యాండ్ కారుకే కదా అని సేల్స్ అబ్బాయి అన్నాడు. యార్డులోకి నీళ్ళు వస్తే కొత్త కారు కూడా మునుగుతుంది బాబూ అన్నాను. తర్వాత నీళ్ళ టెస్టు అడిగాను. "ఫ్యాక్టరీలోనే చేస్తారు మేడమ్" అన్నాడు. మేనేజరు వచ్చారు. ఆయనకు ఇదే మాట మర్యాదగా ఇంకోసారి చెప్పాను. అదనపు సామాన్లు బిగించాక, మా ముందే, వాషింగ్ బేలో, గన్ను లేకుండా మామూలు పైపుతో, ఒక్కో వైపు పావుగంట చొప్పున నీళ్ళు పోయాలని. చెయ్యకపోతే మిగతా డబ్బు రేపు కట్టం అన్నాను. నాన్న నా వైపు చూశారు, ఏమీ అనలేదు. మేనేజరు కాసేపు ఆలోచించి సరేనన్నారు.

సన్‌రూఫ్ బాగుంది. నాలుగు గొట్టాల నుంచీ నీళ్ళు కిందికి వచ్చాయి. ముందు వైపు పొడిగా ఉంది. తలుపులు పొడిగా ఉన్నాయి. వెనక వైపు పోస్తుంటే నేను డిక్కీలో స్టెప్నీ తీయించి, ఆ గుంటలో న్యూస్‌పేపరు పరిచాను. తొమ్మిది నిమిషాలకు ఎడమ మూల పేపరు రంగు మారింది. సర్వీసు కుర్రాడు ఎడమ వెనక లైటు విప్పాడు. లైటు వెనక రబ్బరు ఒక చోట మడతపడి ఉంది. కొత్త రబ్బరు స్టాకులో లేదు, నెల్లూరు నుంచో విజయవాడ నుంచో రావాలన్నారు.

తమ్ముడి మొహం చిన్నబోయింది. గురువారం పదీ నలభైకి ముహూర్తం. బంధువులకు చెప్పేశాడు. "ఇప్పటికి ఇట్లనే తీసుకుని తర్వాత వేయించుకుందామా అక్కా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే నాన్న ఫోన్ తీసి పంతులు గారికి చేశారు. ఇంకో రోజు చూడమన్నారు. ఆయన ఆదివారం ఇచ్చారు.

శనివారం రబ్బరు వచ్చింది. మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ పైపు, మళ్ళీ పావుగంట. ఈసారి పేపరు నాన్నే పరిచారు. నీళ్ళు ఆపాక వంగి, గుంటలోంచి దాన్ని తీసి, రెండు చేతుల మధ్య పెట్టి నలిపారు. ఫెళఫెళమంది.